పది మందికి సరిపడా

సైన్యంలో ఉన్న మనిషికి పార్సిల్ పంపేటప్పుడు దానిమీద ఊరి పేరు రాయం. సర్వీసు నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, వాటి కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని రాస్తాం. ఈశాన్యం వైపైతే ‘99 ఏపీఓ’. జిల్లా ఉండదు, రాష్ట్రం ఉండదు. పిన్‌కోడ్ తొమ్మిదితో మొదలవుతుంది. దేశంలో మరే ఊరికీ ఆ అంకెతో మొదలయ్యే పిన్‌కోడ్ లేదు. 56 ఏపీఓ సంచులు ఢిల్లీకీ, 99 ఏపీఓ సంచులు కోల్‌కతాకీ చేరతాయి. అక్కడి నుంచి ఏ కొండెక్కాలో, ఏ లోయ దిగాలో ఆర్మీ పోస్టల్ సర్వీసు వాళ్లకి తెలుసు. యూనిట్ కదిలినా మనం రాసే చిరునామా కదలదు. పెళ్లయ్యాక నేను నేర్చుకున్న మొదటి మిలిటరీ విషయం ఇది. రెండోది నేర్చుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ చిరునామాకి పంపినది ఒక్క మనిషికే చేరదు, ఒక్క మనిషి కోసం చేయకూడదు కూడా.

మావారు సిగ్నల్స్‌లో పనిచేస్తారు. ఫీల్డ్ పోస్టింగ్ అంటే కుటుంబం వెంట వెళ్లదు. ఆయన లద్దాఖ్‌లో, నేనూ పిల్లలూ సికింద్రాబాద్‌లో. విడిగా ఉండాల్సొచ్చిన కుటుంబాలకిచ్చే క్వార్టర్లలో మాకూ ఒకటి దొరికింది. ఆ వరసలో ఏ ఇంట్లో చూసినా ఇంటాయన ఫోన్లోనే కనిపిస్తాడు. సాయంత్రమయ్యేసరికి ఒక గుమ్మంలోంచి ఆవనూనె కాగిన వాసన, ఇంకో గుమ్మంలోంచి కొబ్బరినూనె వాసన, మా ఇంట్లోంచి ఇంగువ పోపు. భాష కుదరకపోయినా అందరం ఒకరినొకరం ‘భాభీ’ అనుకుంటాం.

నాన్‌ఖటాయి అంటే మావారికి ప్రాణం. నాకు ఆ బిస్కెట్లు పుట్టింటి నుంచి వచ్చాయి. మా చిన్నప్పుడు భీమవరంలో ఇళ్లలో ఓవెన్లెక్కడివి? మైదా, పంచదార, నెయ్యి కొలిచి డబ్బాలో పెట్టి పట్టుకెళ్లి బేకరీలో ఇస్తే, పిండి కలిపి బట్టీలో కాల్చి ఇచ్చేవాళ్లు. పండగల ముందు ఆ బేకరీ గుమ్మంలో ఆడవాళ్లూ పిల్లలూ డబ్బాలతో వరసకట్టేవారు. మా నెయ్యి మా బిస్కెట్లలోనే పడుతోందా లేదా అని అమ్మ బట్టీ పక్కనే నిలబడి చూసేది. పెళ్లయి క్యాంటీన్లో చిన్న ఓవెన్ కొనుక్కున్నాక నేను మొదట చేసింది అవే. అందులో మైదాతో పాటు కొంచెం శనగపిండి, కొంచెం బొంబాయి రవ్వ, పంచదార పొడి, యాలకుల పొడి, వీటన్నిటినీ ముద్దగా పట్టి ఉంచేంత నెయ్యి ఉంటాయి. నీళ్లు లేవు, పాలు లేవు. అందుకే నిలవుంటాయి.

ఆయన పైకి వెళ్లిన కొత్తలో ఆ డబ్బా మా ఇద్దరి మధ్యా నడిచే మాట. ఫోన్లో చెప్పలేనివి ఎన్నో ఉంటాయి. సిగ్నల్ దొరికిన నాలుగు నిమిషాల్లో పిల్లల ఫీజులు, గ్యాస్ బండ, అత్తయ్య మోకాలి నొప్పి వస్తాయే తప్ప నా మనసులో మాట రాదు. అది బిస్కెట్లలోనే పంపుతున్నాననుకునేదాన్ని. ఆయన ఎన్ని తిన్నారు, ఎన్ని రోజులొచ్చాయి, అదే నాకు లెక్క. దూరంగా ఉన్న మనిషి గురించి భార్య అలా ఆలోచించడం సహజమేనని ఇప్పటికీ నమ్ముతాను.

మా అత్తయ్య ఆలోచన వేరు. ఆవిడది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటేనే చుట్టుపక్కల వాళ్లకి తెలుస్తుంది. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఆ ఊరి నుంచి మనుషులు వెళ్లారు. అక్కడ చంటిపిల్లల్ని ఎత్తుకుని రైల్వే స్టేషన్‌కి సాగనంపడం తరతరాలుగా ఆడవాళ్లకి అలవాటైన పని. 1971లో మామయ్య తూర్పు సరిహద్దులో ఉన్నప్పుడు ఆవిడ డాల్డా డబ్బాల నిండా సున్నుండలు కట్టి, డబ్బాకి గుడ్డ కుట్టి, కుట్టు మీద లక్క ముద్రలు వేయించి పంపేది. నేను బిస్కెట్లు సర్దుతుంటే ఆవిడ పక్కన కూర్చుని చూసి, “అక్కడ ఎంతమంది ఉంటారమ్మా?” అని అడిగింది.

“ఎందుకత్తయ్యా?” అన్నాను.

“పెళ్లికి వండేవాడు ఎంతమందికో అడగకుండా పొయ్యి వెలిగిస్తాడా? మీ మామయ్యకి పంపిన డబ్బాలో ఆయన తిన్నవి రెండో మూడో ఉండలు. మిగతావి ఎవరు తిన్నారో నాకు తెలీదు. కానీ అక్కడ ఆయన జ్వరంతో పడుంటే నీళ్లు కాచి ఇచ్చింది వాళ్లే కదా.”

ఆ రాత్రి మావారు ఫోన్ చేసినప్పుడు మొదటిసారి ఆ మాట అడిగాను. కొండమీద సిగ్నల్ డిటాచ్‌మెంట్ అంటే పదిమంది మించని చిన్న గుంపు. ఒకటే గది, మధ్యలో గది వెచ్చబెట్టే కిరసనాయిలు బుఖారీ, చుట్టూ పడకలు. డ్యూటీ దిగినవాడు పడుకుంటే, ఎక్కేవాడు బూట్లు కట్టుకుంటుంటాడు. ఇంటి నుంచి వచ్చినదాన్ని దాచుకుని తినడమనేది ఆ గదిలో కుదరదు, ఎవరికీ తోచదు కూడా. డబ్బా వచ్చిందంటే బుఖారీ దగ్గరికి చేరుతుంది, ఎవరో టీ పెడతారు. డ్యూటీలో ఉన్నవాడి వాటా కాగితంలో చుట్టి పక్కన పెడతారు. “నీ నాన్‌ఖటాయిలు నాకు ఒక్కొక్కటే వస్తాయి. ఆ ఒక్కటీ చాలు. కానీ అందరికీ సరిపోకపోతే నాకు మింగుడు పడదు,” అన్నారు ఆయన.

అత్తయ్య అడిగిన ప్రశ్నకి అర్థం నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మనవాళ్లు అక్కడ ఆకలితో ఉన్నారని కాదు ఇవన్నీ పంపేది. ఎత్తు ప్రాంతాల్లో ఉండేవాళ్లకి సైన్యం ప్రత్యేకంగా రేషన్ ఇస్తుంది. జీడిపప్పు, బాదం, చాక్లెట్లు కూడా ఉంటాయి. అలాంటి చోట్లకి పనికొచ్చే తిండి తయారుచేయడానికి మైసూరులో 1961లో రక్షణ శాఖ ఆహార పరిశోధనశాల ఒకటి పెట్టారు. తిండి ఉంది, తినాలనిపించదు, అదీ ఇబ్బంది. లేహ్ పట్టణమే సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు. ఇంకా పైకి వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. రోజూ అదే డబ్బా తిండి చూస్తే వెగటు. అప్పుడు ఎవరింటి నుంచో వచ్చిన యాలకుల వాసన తగిలితే టీతో పాటు నాలుగు ముక్కలు లోపలికి వెళ్తాయి. ఆ నాలుగు ముక్కల కోసమే ఇక్కడ మేం పిండి కలుపుతాం.

ఎంతమందికో తెలిశాక, ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. ఆ గదిలో ఒకరు రాజస్థాన్ నుంచి, గుడ్డు ముట్టరు. ఇద్దరు మంగళవారం నాడు మాంసం, గుడ్డు తినరు. కాబట్టి మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి గుడ్లు కొట్టి కేకు చేసినా, పైకి వెళ్లే డబ్బాలో గుడ్డు పడదు. ఒక్కరు తినలేనిది ఆ బుఖారీ పక్కన మూత తీయకూడదు. ఈ శ్రద్ధ కొత్తదేమీ కాదు. 1914 క్రిస్మస్‌కి బ్రిటన్ రాకుమారి మేరీ పేరు మీద సైనికులకి ఇత్తడి పెట్టెలు పంచారు. చాలామంది పెట్టెల్లో పొగాకు, సిగరెట్లు ఉన్నాయి. సిక్కులకి పొగాకు నిషిద్ధమని వాళ్ల పెట్టెల్లో కలకండ, చిన్న డబ్బాలో మసాలా దినుసులు పెట్టారు. ఆ యుద్ధం ఎవరి కోసం జరిగింది, మనవాళ్లని అందులోకి ఎందుకు పంపారు అన్నవి పెద్ద ప్రశ్నలు. ఆ పెట్టె సర్దిన వాళ్లు మాత్రం తినేవాడెవరో ముందు కనుక్కున్నారు. అది నాకు నచ్చింది.

దారి సంగతి మా వరసలో ఒక పంజాబీ భాభీ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ భర్త సుబేదార్. ఆవిడ అప్పటికే ఎన్నో ఫీల్డ్ పోస్టింగులు దాటి వచ్చింది. పోస్టులో పంపితే ఎప్పుడు చేరుతుందో చెప్పలేం. చలికాలంలో జోజిలా మీద మంచు పడితే శ్రీనగర్ దారి మూసుకుంటుంది. అందుకే చాలామటుకు మా డబ్బాలు లీవు నుంచి తిరిగి వెళ్లేవాళ్ల చేతిలో వెళ్తాయి. ఆ మనిషి రైలెక్కి చండీగఢ్ చేరి, ట్రాన్సిట్ క్యాంపులో విమానం కోసం ఆగుతాడు. వాతావరణం బాగోకపోతే విమానం ఎగరదు. లేహ్‌లో దిగాక మొదటి ఆరు రోజులు ఎత్తుకి ఒళ్లు అలవాటు పడేదాకా అక్కడే ఉండాలి. ఆ తర్వాతే పైకి. అంటే సికింద్రాబాద్‌లో కాల్చిన బిస్కెట్టు తక్కువలో తక్కువ రెండు వారాల ప్రయాణానికి సిద్ధపడాలి. మే నెలలో రైలుపెట్టె వేడి, ఆపైన లద్దాఖ్ చలి, రెండింటికీ తట్టుకోవాలి.

కాబట్టి మీగడ పూసిన కేకు వద్దు. పచ్చికొబ్బరి వేసినవి వద్దు, రెండో రోజుకే వాసన వస్తాయి. ఎండుకొబ్బరి ఫరవాలేదు కానీ వేడికి దానిలో నూనె కనరెక్కి రుచి పాడవుతుంది. బిస్కెట్లు పూర్తిగా చల్లారాక, కుదిరితే రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు సర్దాలి. గోరువెచ్చగా ఉండగా మూత పెడితే లోపల ఆవిరి చేరి మెత్తబడిపోతాయి. గట్టివీ మెత్తవీ ఒకే డబ్బాలో కలపకూడదు, మెత్తనివాటి తేమ గట్టివి లాక్కుంటాయి. స్టీలు డబ్బాలో వరసకీ వరసకీ మధ్య బటర్ పేపరు వేస్తాను. సందుల్లో అటుకుల చుడువా చిన్న చిన్న పొట్లాలు కట్టి కూరతాను. అవి బిస్కెట్లు విరగకుండా కాస్తాయి, అక్కడికి వెళ్లాక అవీ టీలోకి పనికొస్తాయి. ప్లాస్టిక్ సంచుల్లో గాలి ఉంచి సీలు వేస్తే లేహ్ చేరేసరికి బెలూన్లలా ఉబ్బి ఒక్కోసారి పగులుతాయి. పైన గాలి ఒత్తిడి తక్కువ. అందుకే గాలంతా నొక్కేసి సీలు వేయాలి.

ఊరినిబట్టి కూడా వంట మారాలి. లద్దాఖ్ గాలిలో తేమే ఉండదు. అక్కడ బిస్కెట్టు మెత్తబడదు కానీ కేకు రెండు రోజుల్లో ఎండి రస్కయిపోతుంది. మా వరసలో ఇంకో భాభీ భర్త అరుణాచల్‌లో ఉన్నాడు. అటువైపు వానలు, పొగమంచు. బెల్లంతో చేసినవి చెమ్మగిల్లి బూజు పడతాయి. అదే నాన్‌ఖటాయి ఆవిడ ఇంకాస్త ఎక్కువసేపు, అంచులు బాగా ఎర్రబడేదాకా కాలుస్తుంది. సున్నుండల సంగతి ఇంకోటి. సియాచిన్‌లో జవాన్లు గుడ్లనీ, గడ్డకట్టిన పళ్లరసాన్నీ సుత్తితో కొడుతున్న వీడియో 2019లో దేశమంతా చూసింది. నెయ్యి దట్టించిన సున్నుండ ఆ చలికి రాయే అవుతుంది. మావారి గదిలో దాన్ని బుఖారీ దగ్గర కాసేపు ఉంచి తింటారు. అత్తయ్యకి ఆ మాట చెప్తే నెయ్యి తగ్గించనంది. పిండి ఇంకొంచెం మెత్తగా విసిరించింది, ఉండలు చిన్నవి చేసింది. ఇప్పుడు నోట్లో వేసుకుని బుగ్గన పెట్టుకుంటే కరుగుతున్నాయట.

ఇలా పదిమందికి సరిపడా పంపడం మొదలయ్యాక నేను ఎదురుచూడనిది ఒకటి జరిగింది. అటు నుంచి ఫోన్లో వాళ్ల ఇళ్లు మా ఇంటికి రావడం మొదలైంది. ఆ గదికి బీహార్ కుర్రాడి ఇంటి నుంచి ఠేకువా వస్తుంది. గోధుమపిండి, బెల్లం, నెయ్యితో అచ్చు వేసి వేయిస్తారు, ఛఠ్ పండగకి చేసేది. పంజాబ్ నుంచి మినప్పిండి పిన్ని వస్తుంది. దాన్ని తిని మావారు, “మన సున్నుండకి పెద్దక్కలా ఉంది,” అన్నారు. గఢ్వాల్ మనిషి లీవు నుంచి వస్తూ అర్సా తెచ్చాడు. నానబెట్టిన బియ్యం దంచి, బెల్లం పాకంలో కలిపి, నూనెలో వేయిస్తారు. వాళ్ల కొండల్లో అది లేకుండా పెళ్లి జరగదట. మన ఇళ్లలో సంక్రాంతికి అరిసెలు వత్తే పిండే అది. హిమాలయాల్లో ఒక తల్లి చేసింది, గోదావరి జిల్లా మనిషి తిని, మా అమ్మ చేసినట్టే ఉందని ఫోన్లో చెప్పాడు. నేను ఆవిణ్ని చూడలేదు, చూస్తానో లేదో తెలీదు. కానీ పాకం ఏ దగ్గర దించాలో ఆవిడకీ నాకూ ఒకేలా తెలుసు. దేశమంటే నాకు ఇంత దగ్గరగా అంతకు ముందెప్పుడూ తెలియలేదు.

కొందరి ఇళ్ల నుంచి మాత్రం ఏమీ రాదు. ఇంట్లో వయసు మళ్లిన తండ్రి ఒక్కడే ఉండొచ్చు. పోస్టాఫీసు కొండ దిగి వెళ్లాల్సినంత దూరంలో ఉండొచ్చు. తల్లికి ఆ పొడుగాటి చిరునామా రాయడం రాకపోవచ్చు, రాయించుకోవడానికి మొహమాటపడొచ్చు. అలాంటివాళ్లు బుఖారీ దగ్గర ఎదుటివాళ్ల డబ్బా తెరుస్తుంటే కొంచెం వెనక్కి జరిగి కూర్చుంటారట. ఆ మాట వినే నేను పద్ధతి మార్చాను. డబ్బా మీద ఆయన పేరు తీసేశాను. చిరునామాలో ఆయనదే ఉంటుంది, అది తప్పదు. లోపల డబ్బా మూతకి అంటించే చీటీ మీద మాత్రం డిటాచ్‌మెంట్ పేరు రాసి, ‘అందరికీ’ అని హిందీలో రాస్తాను. ఆయనకి రాసే ఉత్తరం విడిగా కవరులో ఉంటుంది. నా మనసులో మాట ఇప్పుడు దానిలో వెళ్తుంది. బిస్కెట్లు ఆ బరువు మోయక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఉత్తరాలు రాయడం నాకు ఇలాగే అలవాటైంది.

ఇప్పుడు మా వరసలో ఎవరింటాయనైనా లీవు ముగించి తిరిగి వెళ్తున్నాడంటే, వారం ముందే ఆ ఇంటికి కబురు చేరుతుంది. ఆయన నల్ల ట్రంకుపెట్టెలో ఎంత చోటుందో ఆ భాభీ చెప్తుంది. ఒక మనిషి మోయగలిగినదానికన్నా ఎక్కువ ఇవ్వకూడదన్నది మేం పెట్టుకున్న కట్టుబాటు. ఆయన సామాను ఆయనకీ ఉంటుంది కదా. ఆ చోటుని ఇళ్లమధ్య పంచుకుంటాం. ఒకరు నాన్‌ఖటాయి, ఒకరు రాగి బిస్కెట్లు, ఒకరు కారప్పూస, ఒకరు కరివేపాకు పొడి. ఊరగాయ మాత్రం ఎంత బాగా కట్టినా నూనె కారుతుంది, విమానంలో పక్కవాళ్ల సంచులు పాడవుతాయి, అందుకే మానేశాం. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నిలబడి ఎదురుచూసే పని ఇప్పుడు నలుగురు కలిసి చేసే పనైంది. నాలుగిళ్ల పిల్లలూ పిండి ముద్దలు దొంగిలించి తింటుంటారు.

ఇది ఇక భార్యల పని మాత్రమే కాదు. 2023 జనవరిలో కెప్టెన్ శివా చౌహాన్ సియాచిన్ కుమార్ పోస్టులో విధుల్లో చేరింది, ఆ హిమానీనదం మీద అలా పనిచేసిన మొదటి మహిళా అధికారి. పదిహేను వేల అడుగుల పైన ఉన్న ఆ చోటికి ఇకముందు తల్లులు, తండ్రులతో పాటు భర్తలు కూడా డబ్బాలు సర్దుతారు. వాళ్లకీ నేను చెప్పేది ఇదే.

మీ ఇంటి మనిషి సరిహద్దులో ఉంటే, పిండి తడిపే ముందు ఫోన్ చేసి అక్కడ ఎంతమంది ఉన్నారో అడగండి. వాళ్లలో ఏం తిననివాళ్లున్నారో అడగండి. ఎవరికి ఏదీ రావడం లేదో కూడా అడగండి, అది మాత్రం తప్పకుండా అడగండి. మీ ఇంటి మనిషెవరూ సైన్యంలో లేకపోతే, మీ వీధిలో వెతకండి. మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లోనైనా ఒక ఇల్లు దొరుకుతుంది. ఆ ఇల్లాలి దగ్గరికి వెళ్లి, “వచ్చేసారి డబ్బా పంపేటప్పుడు మాదీ ఒకటి పెట్టమ్మా,” అని చెప్పి రండి. పెట్టెలో చోటెంతో ఆవిడే చెప్తుంది.